ముహూర్తాల పుస్తకం, ట్రంకు పెట్టె, చీటీ 214: ఒక సన్నాయి చరిత్రకు నోట్సు సర్దిన వైనం

రెండు బియ్యం సంచులు, ఒక పెన్‌డ్రైవ్. మూడేళ్ల కిందట ఓ ఆదివారం పొద్దున్నే మా వీధి కుర్రాడు వీటిని మా అరుగు మీద దించాడు. డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరు. "బాబాయిగారూ, ఇందులో ఓ పుస్తకం ఉంది. నావల్ల బయటికి రావడం లేదు, మీరే ఓ చెయ్యి వేయాలి" అన్నాడు.

నేను శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ల పైచిలుకు చేసి రిటైరైనవాణ్ణి. సంగీతం వింటాను గానీ రాగం పేరు చెప్పమంటే తడుముకుంటాను. కనుక ఇక్కడ రాసేది సంగీతం సంగతి కాదు, సంగీతం కోసం పోగేసిన కాగితాల సంగతి. మొదటిసారి వాటిని ఎలా చెడగొట్టామో, రెండోసారి ఎలా సర్దామో ఉన్నదున్నట్టు చెబుతాను.

అతను పట్టుకున్న విషయం చిలకలూరిపేట, ఒంగోలు, చీరాల చుట్టుపక్కల పల్లెల్లోని సన్నాయి మేళాలు. ఈ ప్రాంతం నాదస్వరానికి పెట్టింది పేరు. షేక్ చినమౌలానా గారు ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. తండ్రి కాసిం సాహెబు దగ్గర, ఆపైన చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల గురించి అచ్చులో కొంతైనా దొరుకుతుంది. మావాడి ఆరాటం మిగతావాళ్ల గురించి. పెళ్ళిళ్లకీ, గుడి ఉత్సవాలకీ, శివరాత్రికి కోటప్పకొండ వెళ్లే ప్రభల ముందూ ఊదుతూ జిల్లా దాటకుండానే వెళ్లిపోయిన ముస్లిం కుటుంబాలు, నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్లన్నీ ఆరేళ్లు తిరిగాడు. అడిగాడు, రికార్డు చేశాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత రాసుకున్నదాంట్లోనే దారి తప్పిపోయాడు.

సంచుల్లో ఏముంది

సంచులు విప్పగానే నేను చదవడం మొదలుపెట్టలేదు. గ్రంథాలయానికి కొత్త పుస్తకాల కట్ట వస్తే ముందు వరస నంబర్లు వేసుకునే అక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కిస్తాం, తర్వాతే అట్ట తిప్పుతాం. అదే అలవాటు ఇక్కడా పనికొచ్చింది. ఒక్కొక్క వస్తువుకు ఒక నంబరు వేసి, అది ఏమిటి, ఎవరింటి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, తిరిగి ఇవ్వాల్సిందా మనదేనా అని నాలుగు గళ్లు గీశాను.

పదకొండు లాంగ్ నోటుబుక్కులు. ఫోన్లో చేసిన రికార్డింగులు నలభై మూడు, వాటి పేర్లన్నీ ఫోను పెట్టిన అంకెలే. పెళ్ళి క్యాసెట్లు ఏడు. సంగీత సభల ఆహ్వాన పత్రికలు ఓ దొంతర. ఫొటోలు. పెన్‌డ్రైవ్‌లో ఒక సన్మాన సంచిక తాలూకు పేజ్‌మేకర్ ఫైళ్లు, అన్నీ అను ఫాంట్లలోనే. వీటికి తోడు నాలుగు పాత పాకెట్ డైరీలు ఉన్నాయి. "ఇవి లెక్కల పుస్తకాలు బాబాయిగారూ, పెద్దగా ఏమీ లేదు, వాళ్లిస్తే కాదనలేక తెచ్చా" అన్నాడు వాటి గురించి. ఆ డైరీల సంగతికి మళ్లీ వస్తాను.

ఆ రిజిస్టరు రాయడానికే మూడు ఆదివారాలు పట్టింది. తిరిగి ఇస్తానని తెచ్చి ఇవ్వనివి ఎన్ని ఉన్నాయో అప్పుడుగానీ అతనికి తెలియలేదు. ముఖం చిన్నబోయింది.

మొదటి సర్దుబాటు, అది చెడిన తీరు

మొదట చేసింది నా తప్పే. విద్వాంసుల చరిత్ర కదా, విద్వాంసుడికో ఫైలు పెడదామన్నాను. అట్ట ఫైళ్లు కొనుక్కొచ్చాం, వీపు మీద పేర్లు రాశాం. నోటుబుక్కుల్లో ఎవరి గురించి ఉన్న పేజీ వారి ఫైల్లోకి జిరాక్సు తీసి పెట్టడం మొదలుపెట్టాం.

రెండో వారానికే చిక్కొచ్చిపడింది. ఒక డోలు విద్వాంసుడి ఇంటర్వ్యూలో ఆయన గురించి పావు వంతు ఉంటే, ఆయన పక్కన కూర్చున్న ముగ్గురు నాదస్వరం వాళ్ల గురించి ముప్పావు వంతు ఉంది. ఒకే పేజీ నాలుగు ఫైళ్లలోకి వెళ్లింది. తర్వాత రికార్డింగు మళ్లీ విన్నప్పుడు ఒక తేదీ తప్పు రాశామని తేలింది. ఒక ఫైల్లో దిద్దాం, మిగతా మూడింటిలో దిద్దడం మరిచాం. నెల తిరిగాక ఏది దిద్దిందో ఏది దిద్దనిదో మాకే తెలియలేదు.

అంతకన్నా పెద్ద గొయ్యి పేర్ల దగ్గర పడింది. ఈ ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటారు. ఊళ్లో పెద ఫలానా, చిన ఫలానా అని పిలుస్తారు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. కానీ పెదాయన పోయాక ఆ చినాయనే పెదాయన అవుతాడు, ఆయన మనవడు చినాయన అవుతాడు. ఎనభై ఏళ్లాయన నోట్లో 'చిన' ఒకరు, యాభై ఏళ్లాయన నోట్లో 'చిన' ఇంకొకరు. మేం ఇద్దరినీ ఒకే ఫైల్లో పెట్టి, దాన్ని బట్టి ఒక అధ్యాయం చిత్తుప్రతి కూడా రాసేశాం.

ఆ చిత్తుప్రతిని ఒక పెద్దాయన ఇంట్లో కూర్చుని చదివి వినిపించాం. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. నాలుగో పేజీ దగ్గర చెయ్యెత్తాడు.

"బాబూ, ఆగాగు. ఆయన దగ్గర మావాడు నేర్చుకున్నాడని రాశారా?"

"అవును సాహెబుగారూ, మూడేళ్లు నేర్చుకున్నారని..."

"ఆ గురువుగారి జనాజా వెంట నడిచినవాణ్ణి నేను. అప్పటికి మావాడు పుట్టలేదు. పుట్టకముందే ఎట్టా నేర్చుకున్నాడయ్యా?"

ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. మేం కూడా నవ్వాం, కానీ బస్సులో తిరిగొస్తున్నప్పుడు ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మర్నాడు అట్ట ఫైళ్లన్నీ విప్పేశాం.

కార్డు ముందు సిరా, వెనక పెన్సిలు

మా ఇంట్లో వాడని కేటలాగ్ కార్డుల కట్టలు ఉన్నాయి. గ్రంథాలయాల్లో కంప్యూటర్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేక మిగిలినవి. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర వెడల్పు, అడుగున చువ్వ గుచ్చడానికి రంధ్రం. ఒక కార్డు మీద ఒక్క మాట మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నాం. మాట అంటే ఒక మనిషి ఒక సంగతి గురించి చెప్పిన ఒక ముక్క, అంతే. దానికి మేం పెట్టిన పేరు చీటీ.

చీటీ ముందువైపు సిరాతో నాలుగు విషయాలు ఉంటాయి. చెప్పినమాట, చెప్పినవారి నోటి భాషలోనే. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ. రిజిస్టరులో ఏ నంబరు వస్తువు నుంచి తీసుకున్నాం, రికార్డింగయితే ఎన్నో నిమిషం. చెప్పినవారు తాము చూసింది చెబుతున్నారా, విన్నది చెబుతున్నారా.

దాని నుంచి మేం అనుకున్నది ఏదైనా ఉంటే వెనకవైపు, పెన్సిలుతో. తేదీ, ఎవరు అనుకున్నారో పొడి అక్షరాలు. పెన్సిలే ఎందుకంటే చెరిపేయడానికి వీలుగా ఉండాలని. పెద్ద సిద్ధాంతమేమీ కాదు గానీ ఈ ఒక్క అలవాటే మా ప్రాజెక్టును గట్టెక్కించింది. మావాడి నోటుబుక్కుల్లో జబ్బంతా ఇదే. పెద్దాయన చెప్పింది, తాను లెక్కగట్టింది, ఎక్కడో చదివింది మూడూ కలిపి ఒకే వాక్యం చేసి, చక్కటి గ్రాంథికంలో రాసుకున్నాడు. పాలు, నీళ్లు కలిశాక మళ్లీ విడదీయడానికి రికార్డింగులన్నీ మొదటి నుంచీ వినాల్సొచ్చింది.

చీటీల్ని దేని ప్రకారం పేర్చాలన్నది తర్వాతి ప్రశ్న. ఇన్నేళ్లు వర్గీకరణ చేసినవాణ్ణి కాబట్టి చేతులు దురద పెట్టాయి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో గాలి వాద్యాలకు 788 ఉంది. రంగనాథన్ గారి కోలన్ పద్ధతి అయితే ఇంకా ముచ్చటగా కుదురుతుంది, విషయాన్ని ఒక్కో వైపు నుంచి చూస్తుంది, స్థలానికో ముఖం, కాలానికో ముఖం. కానీ చివరికి ఏ వర్గీకరణా లేకుండా చీటీల్ని వరుస నంబరు ప్రకారమే పెట్టెలో పెట్టాం. 1 తర్వాత 2, 2 తర్వాత 3. ముఖాలన్నీ గూగుల్ షీట్‌లోకి వెళ్లాయి: మనిషి నంబరు, ఊరు, ఎప్పటి నుంచి, ఎప్పటిలోపు, సందర్భం, వాద్యం. కార్డు ఒక్కచోటే ఉంటుంది, షీట్‌లో పది దార్లలో దొరుకుతుంది. రంగనాథన్ గారు చూస్తే కోప్పడేవారు కాదనే నా నమ్మకం.

కాలేజీ పిల్లలు ఒకరిద్దరు నోట్సుకని ప్రత్యేకమైన యాప్‌లు చూపించారు, చీటీకీ చీటీకీ మధ్య దారాలు గీసేవి. చూడ్డానికి బాగున్నాయి. మావాడికి మళ్లీ అందులో పడి దారాలు గీసుకుంటూ కూర్చునే గుణం ఉంది కాబట్టి వద్దన్నాను.

పేరుకు నంబరు, ఊరికి మూడు జిల్లాలు

మనుషులకు మ-1, మ-2 అని నంబర్లిచ్చాం. పక్కన ఆ మనిషిని ఎవరెవరు ఏమని పిలిచారో అన్నీ రాశాం. పెద, చిన అన్నవి పేరులో భాగంగా కాక, 'ఫలానావారు పిలిచే తీరు' అన్న గడిలో పెట్టాం. పుట్టకముందే నేర్చుకున్న ఆ మనవడు మ-31, ఆయన తాత మ-8. ఇక కలవరు.

స్పెల్లింగు ఇంకో తంటా. సాహెబ్, సాహెబు, సాయెబు, సాహేబ్. షేక్, షేఖ్. మౌలానా, మౌలా, మౌలాలి. ఏది సరైనదని మేం తీర్పు చెప్పలేదు. ఆ ఇంటివాళ్లు ఎలా రాసుకుంటారో అది ముందు, తక్కినవన్నీ దాని కింద.

ఇక్కడే ఒక వింత జరిగింది. షీట్‌లో 'షేక్ ఆదం' అని వెతికితే తొమ్మిది వరసలు వచ్చాయి. చేత్తో లెక్కపెడితే పధ్నాలుగు. అక్షరాలు కళ్లకు అచ్చం ఒకేలా ఉన్నాయి, ఎంత పరికించినా తేడా లేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక మా మనవరాలు పట్టింది. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తును వేస్తాయి, 'క్' తర్వాత వచ్చే అక్షరం దానికి ఒత్తుగా అతుక్కోకుండా. మావాడు ఫోన్లో టైపు చేసినవాటిలో ఆ గుర్తు ఉంది, నేను కంప్యూటర్లో కొట్టినవాటిలో లేదు. షీటుకు అవి రెండు వేర్వేరు మాటలు. ఆ కనబడని గుర్తును మొత్తం ఒక్కసారి ఏరిపారేశాక పధ్నాలుగూ వచ్చాయి. తెలుగులో నోట్సు పెట్టుకునేవాళ్లెవరైనా దీన్నొకసారి చూసుకోవడం మంచిది. పొల్లుతో ముగిసే పేరు ప్రతిదాన్లోనూ ఈ బెడద పొంచి ఉంటుంది.

అను ఫాంట్ల ఫైళ్లు ఇంకా మొండివి. అవి తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. వెతికితే ఏమీ దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి. మార్చాక ఒత్తులు కొన్ని చెదిరాయి, చదివి దిద్దుకున్నాం. అసలు ఫైళ్లను మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంచాం.

ఊళ్ల సంగతి. కరవది ఏ జిల్లా? ఇప్పుడైతే ప్రకాశం. చినమౌలానా గారు పుట్టిన 1924లో గుంటూరు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. చీరాల గుంటూరు నుంచి ప్రకాశానికి, 2022లో బాపట్లకు మారింది. చిలకలూరిపేట అదే ఏడు పల్నాడులోకి వెళ్లింది. అంటే 'గుంటూరు జిల్లా విద్వాంసులు' అని పాత సంచికలో ఉంటే అందులో సగంమంది ఇప్పటి లెక్కన వేరే మూడు జిల్లాలవాళ్లు. అందుకే జిల్లా గడి తీసేసి, ఊరికి నంబరిచ్చి, జిల్లాల చరిత్రను విడిగా ఒక్కచోట రాసి పెట్టాం. 'పేట' అన్నచోట మరీ జాగ్రత్త. ఒకరి నోట్లో అది చిలకలూరిపేట, ఇంకొకరి నోట్లో నరసరావుపేట. చీటీ ముందువైపు 'పేట' అనే రాసి, ఏ పేటో వెనకవైపు పెన్సిలుతో రాశాం.

ఏ ఏడాది అని అడగొద్దు

మొదట్లో మావాడు అందరినీ "ఏ సంవత్సరం?" అని అడిగేవాడు. పెద్దవాళ్లు మర్యాదకు ఏదో అంకె చెప్పేవారు. ఆ అంకెలు నోటుబుక్కులో ఎక్కేవి. తర్వాత అడిగే తీరు మార్చాం: "ఉప్పెనకు ముందా, తర్వాతా?" అప్పుడు ముఖం వెలిగేది. "ఉప్పెనప్పుడు మా పెద్దమ్మాయి నెలల పిల్ల. అంటే తర్వాతే" అనేవారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, దాన్ని పట్టుకుని మిగతాది అల్లుకోవచ్చు.

'సాగర్ నీళ్లొచ్చిన ఏడు' అన్నది మరో కొండగుర్తు. దీంతో మోసపోయాం. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో, అదే సంవత్సరం అందరికీ వేసేశాం. కానీ కాలువ మొదట్లో ఉన్న ఊరికి నీళ్లు ఒక ఏడు వస్తే, చివరి ఊళ్లకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మాట చెప్పినవారి ఊరు ఎక్కడుందో చూడకుండా తేదీ వేయకూడదు. అందుకే షీట్‌లో సంవత్సరానికి ఒక గడి కాక రెండు గళ్లు పెట్టాం, ఎప్పటి నుంచి, ఎప్పటిలోపు. 1967 నుంచి అన్నది ఖాయం. రెండో గడి చాలాచోట్ల ఖాళీ.

ఆహ్వాన పత్రికల్లో ఇంగ్లిషు సంవత్సరం ఉండదు. 'శ్రీ క్రోధి నామ సంవత్సర పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన, ఫలానావారి నాదస్వర కచేరీ' అని ఉంటుంది. అరవై ఏళ్ల చక్రం కాబట్టి క్రోధి 1964లో వచ్చింది, మళ్లీ 2024లో వచ్చింది. పసుపెక్కిన కాగితం 2024ది కాదని ఎవరైనా చెబుతారు. మావాడు దానిపై 1964 అని రాశాడు. సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. పుష్యమాసం వచ్చేసరికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోతుంది. క్రోధి పుష్య బహుళ పంచమి అంటే 1965 జనవరి. ఆరాధన కార్డులన్నీ ఇలా ఒక్కో ఏడు వెనక్కి జరిగి కూర్చున్నాయి. కచేరీ ఒక్కటే అయితే ఏడాది అటూ ఇటూ పెద్ద విషయం కాదు. కానీ ఒక విద్వాంసుడు ఊరు విడిచి వెళ్లిన సంవత్సరంతో దాన్ని కలిపి చూసినప్పుడు, లేని మనిషి వేదికెక్కినట్టు వచ్చింది. వారం కూడా కార్డులో ఉంటే తిథితో సరిచూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

ముహూర్తాల పుస్తకాలు

'పెద్దగా ఏమీ లేదు' అన్న ఆ నాలుగు పాకెట్ డైరీల దగ్గరికి వస్తాను. అవి ఒక మేళం పెద్ద రాసుకున్నవి. ముహూర్తం తేదీ, పెళ్ళివారి ఊరు, ఇంటిపేరు, బయానా ఎంత ముట్టింది, వాద్యగాళ్లు ఎవరెవరు, ఎవరి వాటా ఎంత. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పేజీలు కిక్కిరిసి ఉంటాయి. మూఢం నెలల్లో పేజీలు తెల్లగా ఉంటాయి, లేదా ఎరువుల కొట్టు బాకీ రాసి ఉంటుంది. వాద్యగాళ్లకు పూర్తి పేర్లుండవు. 'డో. బుడ్డోడు', 'శ్రు. అల్లుడు', 'తా. పిల్లగాడు'. డోలు, శ్రుతి, తాళం అన్నమాట.

నేను ఈ డైరీలను చదవడం ఆపలేకపోయాను. ఇంటర్వ్యూల్లో ఎంత గొప్ప విద్వాంసుడయినా తన గురువు గురించి, కచేరీల గురించి చెబుతాడు. పక్కన శ్రుతి పట్టినవాడి గురించి అడిగితేగానీ చెప్పడు. ఈ డైరీల్లో ఆ శ్రుతి పట్టినవాడు ప్రతి పేజీలో ఉన్నాడు, వాటాతో సహా. ఒక్కో ముహూర్తానికి షీట్‌లో ఒక వరస చొప్పున ఎక్కించాం. అప్పుడు కొన్ని సంగతులు తమంతట తామే పైకి తేలాయి. తాళం వేసే 'పిల్లగాడు' మూడో డైరీలో 'డో.' అయ్యాడు. అంటే తాళం నుంచి డోలుకు ఎక్కాడు. ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ చెప్పని సంగతి ఇది. మేళం తూర్పున సముద్రం దాకా వెళ్లేదిగానీ పడమటికి దాదాపు వెళ్లేది కాదు. ఎందుకని అడిగితే, "అటు వేరేవాళ్ల మేళాలుండాయి బాబూ, వాళ్ల గిరాకీలోకి మనం పోకూడదు" అన్నాడు ఆ ఇంటి పెద్దాయన, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. హద్దులున్నాయని తెలియాలంటే ముందు ఊళ్ల పేర్లు వరసగా కనబడాలి.

ఒక్క జాగ్రత్త. వాటాల అంకెలు షీట్‌లో ఉన్నాయిగానీ ఎవరికీ చూపించం. ఎవరికి ఎంత ముట్టిందన్నది ఆ కుటుంబాల మధ్య ఇప్పటికీ వేడిగా ఉండే సంగతి. అలాంటి వాటికి గులాబీ రంగు చీటీలు వాడాం. తాగుడు, కట్నాల గొడవ, ఎవరో ఎవరినో కులం పేరు పెట్టి అన్నమాట, "ఇది రాయొద్దు బాబూ" అని చెప్పి మరీ చెప్పినవి, అన్నీ గులాబీవే. రాసుకుంటాం. పుస్తకంలోకి వెళ్లవు. పెట్టె వేరు, తాళం వేరు, షీటు కూడా వేరు. చెప్పినవారి పిల్లలు ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం.

క్యాసెట్టు, ఫొటో

క్యాసెట్ల గురించి క్లుప్తంగా. పెళ్ళి క్యాసెట్లో మేళం కన్నా పురోహితుడి మైకే ఎక్కువ వినిపిస్తుంది. అయితే మంత్రాలే గడియారం. మాంగల్యధారణ దగ్గర గట్టిమేళం వచ్చే నిమిషం గుర్తుపెట్టుకుంటే, దానికి ముందూ వెనకా ఏం వాయించారో వరస కట్టుకోవచ్చు. రాగాలు గుర్తుపట్టడానికి ఒక నాదస్వరం మాస్టారిని కూర్చోబెట్టాం. ఆయన ఒక్కో చోట "ఇది తోడి" అంటే చీటీ ముందు రాశాం, "తోడి అనుకుంటా" అంటే వెనకాల పెన్సిలుతో రాశాం. ఆయనకు ఈ తేడా బాగా నచ్చి, తర్వాత తర్వాత తనే "ఇది పెన్సిలు, ఇది సిరా" అని చెప్పేవారు.

ఫొటోల దగ్గర మాత్రం ఒక నష్టం జరిగింది. సాయానికి వచ్చిన కుర్రాడు ఒకింటి ఫొటోలన్నీ శ్రద్ధగా స్కాన్ చేశాడు, ముందువైపు మాత్రమే. ఆ మాట నేను చెప్పకపోవడం నా తప్పు. వెనకవైపు స్టూడియో ముద్ర, చేతిరాతలో తేదీ ఉన్నాయని మావాడికి గుర్తుంది. తిరిగి వెళ్లేసరికి ఆ ఇంటివాళ్లు సంబరపడి వాటిని లామినేషన్ చేయించి, అట్టకు అతికించి, గోడకు పెట్టారు. జిగురు అట్టంతా పాకింది. తీస్తే బొమ్మ చిరుగుతుంది. ఇప్పుడు మా దగ్గర 'ఫొటో అంటే రెండు స్కాన్లు' అని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి ఉంది.

చీటీ 214

పధ్నాలుగు నెలల ఆదివారాలు గడిచాక చీటీలు 1,860 దాకా వచ్చాయి. పుస్తకంలో ఇప్పటికి ఆరు అధ్యాయాలు రాశాడు. రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన మార్జిన్లో చీటీ నంబరు వేస్తాడు. నంబరు లేని వాక్యం కనబడితే నేను ఎర్ర సున్నా చుడతాను. మొదట్లో అతనికి చిరాకు వచ్చేది. ఇప్పుడు తనే ముందు చుట్టుకొస్తున్నాడు.

తేలనివాటికి ఒక పెట్టె ఉంది. అందులో నాకు ఇష్టమైనది 214. నోటుబుక్కులో మావాడు దాన్ని ఇలా రాసుకున్నాడు: 'వీరి పితామహులు 1946లో విజయవాడ ఆకాశవాణిలో నాదస్వర కచేరీ చేసిరి.' చదవడానికి ఎంతో నిబ్బరంగా ఉంది. కానీ విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంతకు ముందు ఈ ప్రాంతానికి రేడియో అంటే మద్రాసే, అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం 1938లో మొదలైంది.

రికార్డింగు తీసి విన్నాం, ఇరవై రెండో నిమిషం. మనవడు చెప్పిన మాట ఇది: "మా తాత బెజవాడ రేడియోలో వాయించినప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నానంట."

1946 అన్న అంకె ఆయన నోటి నుంచి రానేలేదు. మావాడు ఆయన ఆధార్ కార్డు చూసి పుట్టిన సంవత్సరం లెక్కగట్టాడు. ఆధార్లో తేదీ జులై 1. ఆ వయసువాళ్లలో జులై 1 కనబడితే అది బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అయి ఉండవచ్చు. కనుక పుట్టుక రెండు మూడేళ్లు అటూ ఇటూ కావచ్చు, అప్పుడు బెజవాడ సరిపోతుంది. లేదా ఏడాది సరైనదే, ఊరే మారింది. రేడియో అనగానే బెజవాడ అనడం ఈ ప్రాంతంలో అందరికీ అలవాటు. లేదా తాత కాదు, ఇంకెవరో.

చీటీ ముందువైపు ఆయన మాట, సిరాతో. వెనకాల మూడు ఊహలు, పెన్సిలుతో. కిందటేడాది చీరాలలో ఆయన మేనత్త కూతుర్ని కలిసినప్పుడు, అడక్కుండానే ఆవిడ చెప్పింది: "తాత రేడియోకని రైలెక్కి పోయినప్పుడు నాకు చెన్నపట్నం నుంచి గాజులు తెచ్చాడు." అది చీటీ 1,507. దాంతో ఒక ఊహను చెరిపేశాం, రెండోదాని పక్కన చిన్న టిక్కు పెట్టాం. ఆవిడ చెప్పిన ప్రయాణం, ఈయన చెప్పిన ప్రయాణం ఒకటేనని ఎవరన్నారు అని మావాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. టిక్కు చెరిపి ప్రశ్నార్థకం పెట్టాను.

రేడియోవాళ్లు కళాకారులకు కాంట్రాక్టు కాగితం పంపేవారు. తేదీ, కేంద్రం, పారితోషికం అన్నీ అందులో ఉంటాయి. తాతగారి కాగితాలున్న ట్రంకు పెట్టె ఆ ఇంటి చిన్నమ్మాయి అత్తారింట్లో ఉందట, ధాన్యం గది అటక మీద. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదట. సంక్రాంతికి అందరూ వస్తారు, అప్పుడు తీయిద్దాం అన్నారు. మావాడు ఇప్పట్నుంచే సంచి సర్దుకుంటున్నాడు. ఈసారి స్కానర్ నేనే పట్టుకెళుతున్నాను.